కార్తీకంలో నా ఉగాది

నేను ఒక పెట్టెను. ఇనప పెట్టెనే గానీ నగలు దాచుకునేదాన్ని కాను, అంత భాగ్యం లేదు. నన్ను సర్వర్ అంటారు. హోటల్లో ఇడ్లీ ప్లేటు తెచ్చిపెట్టే సర్వరుకీ నాకూ పనిలో పెద్ద తేడా లేదనుకోండి. ఒక చోట నాలుగు కంప్యూటర్లుంటే వాటన్నిటి కాగితాలూ నా కడుపులో ఉంటాయి. ఎవరికేది కావాలంటే అది వైరు గుండా అందిస్తాను. ఇడ్లీ సర్వరైనా రద్దీ వేళ విసుక్కుంటాడేమో గానీ నేను విసుక్కోను. నాది పుట్టుకతోనే సంబరపు స్వభావం. నాలో ఫ్యాను తిరుగుతుంటే చప్పుడంటారు జనం. అది నా నవ్వు, ఏం చేస్తాం, వాళ్ళకి తెలీదు.

పుట్టింది మద్రాసు దాటాక ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో. బారసాలా లేదు, ఉయ్యాలా లేదు. ఒకావిడ నా వీపు మీద నంబరంటించి, గట్టిగా ఒక్క చరుపు చరిచి అట్టపెట్టెలో కూర్చోబెట్టింది. అక్కడినుంచి సరాసరి భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీకి చేరాను. ఆ ఏళ్ళన్నీ నా కడుపునిండా రొయ్యలే. ఏ చెరువు రొయ్య ఎంత తూగింది, దేనికి తెల్లమచ్చ రోగం వచ్చింది, ఏ దేశం వాళ్ళు దేన్ని తిప్పి పంపారు, అన్నీ రాసేవాళ్ళు. కన్నపిల్లల ఎదుగుదల కూడా అంత శ్రద్ధగా రాసుకునేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. తర్వాత వాళ్ళు నాకన్నా పెద్ద పెట్టెను తెచ్చుకుని, నన్ను రాజమండ్రిలో పాత సామాన్ల కొట్టుకి సాగనంపారు.

కొట్టులో ఒక కుట్టుమిషనుకీ, రెక్కల్లేని ఫ్యానుకీ మధ్య కూర్చుని ఉండగా కాత్యాయని వచ్చింది. పాతికేళ్ళు దాటిన పిల్ల, భుజాన సంచీ, చెవి వెనక పెన్ను. నన్నటూ ఇటూ తిప్పి చూసి, మూత మీద వేళ్ళతో టకటకా కొట్టి, "ఇది గ్రహాల్ని మోస్తుందాండీ?" అని అడిగింది. కొట్టాయన తడబడకుండా, "రొయ్యల్ని మోసిందమ్మా, గ్రహాలో లెక్కా?" అన్నాడు. ఆ మాట మీద నన్ను రిక్షాలో ఎక్కించుకుని తీసుకుపోయింది.

అలా నేను గుమ్మళ్ళ వారి ఇంటికి వచ్చాను. వాళ్ళది పంచాంగాల ఇల్లు. ఏ తిథి ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది, ఏ వేళ పెళ్ళి చేసుకోవచ్చు, ఏ వేళ గడప దాటకూడదు, అంతా అక్కడ గణించి, ఏటా పుస్తకం వేసి ఊళ్ళకి పంచుతారు. ఇంటిపెద్ద నరహరి సిద్ధాంతి గారు, కాత్యాయని తండ్రి. ఆయన లెక్కంతా వేళ్ళ కణుపుల మీదే. పెదవులు కదులుతుంటాయి, బొటనవేలు కణుపు కణుపుకీ గెంతుతుంటుంది, ఆఖర్న ఘడియలూ విఘడియలతో సహా జవాబు ఊడిపడుతుంది. కాత్యాయని అదే లెక్కని నా చేత చేయించడం మొదలుపెట్టింది. నాకేం, నిన్న రొయ్యలు, ఇవాళ రోహిణీ కృత్తికలు. రెండూ మెరుస్తూనే ఉంటాయి.

నన్ను మడిబట్టలు ఆరేసుకునే పాత గదిలో పెట్టారు. వైర్లన్నీ కట్టి, నాకు కట్టుబాట్లు నేర్పినవాడు బుల్లబ్బాయి. కంప్యూటర్లు బాగుచేసే మనిషి, మాట మాటకీ 'ఆయ్' అంటాడు. వాడు పెట్టిన నియమం ఒకటుంది. ఏ కంప్యూటరైనా నా దగ్గరికి రావాలంటే ఒక చీటీ తేవాలి. దాని మీద తేదీ, వేళ రాసి ఉండాలి. అది నా గడియారంలో ఉన్న వేళకి సరిపోవాలి. కాస్త అటూ ఇటైతే సరే, అంతకు మించి తేడా ఉంటే పాత చీటీ పట్టుకుని దొంగెవడో వచ్చాడని తలుపు తీయకూడదు. మంచి నియమమే. నేను దాన్ని ఒక్కనాడూ తప్పలేదు, మరి ఆ తర్వాత జరిగినదానికి నన్నని ఏం లాభం?

ఆ ఏడు ఇంట్లో ఒక పెద్ద ముచ్చట నడుస్తోంది. వచ్చే ఉగాది పంచాంగం గణితమంతా మొట్టమొదటిసారి కాత్యాయనే చేసింది. గుమ్మళ్ళ వారి వంశంలో ఆడపిల్ల పేరు పంచాంగం అట్టెక్కలేదు. ఎక్కించమని నోరు తెరిచి అడిగింది. సిద్ధాంతి గారు ఉత్తరీయం సర్దుకుని, "చూద్దాం" అన్నారు. ఆయన 'చూద్దాం' అంటే సరేననీ కావచ్చు, కుదరదనీ కావచ్చు, అసలు వినలేదనీ కావచ్చు. పాపం ఆ పిల్ల రెండు అట్టలు తయారుచేయించుకుంది. ఒకదాని మీద నాన్నగారి పేరొక్కటే. రెండోదాని మీద నాన్నగారి పేరు పెద్దగా, దాని కింద చిన్న అక్షరాల్లో తన పేరు. రెండూ నా కడుపులోనే దాచింది. రెండోదాన్ని రోజూ ఒకసారి తెరిచి చూసుకుని, మళ్ళీ మూసేసేది.

పుస్తకం పేజీలు ప్రెస్సుకి వెళ్ళాల్సిన రోజు రానే వచ్చింది. కార్తీక మాసం. సాయంత్రం దీపాలవేళకి పేజీలు అందకపోతే మాఘమాసం పెళ్ళిపత్రికలు మిషనెక్కించేస్తామని ప్రెస్సువాళ్ళు ముందే చెప్పారు. అవెక్కితే ఇక దిగవు, మన పంచాంగం బయటికొచ్చేసరికి కొట్లనిండా ఇతరుల పంచాంగాలు వేలాడుతుంటాయి. పిల్ల చేతిలో పెట్టిన మొదటి ఏడే ఆలస్యమైందంటే, అట్ట మీద పేరు మాట ఇంకెవరెత్తుతారు?

ఆ పొద్దున కాత్యాయని దొడ్లో బట్టలారేస్తూ ఉంది. సిద్ధాంతి గారు పిల్లిలా నా గదిలోకి వచ్చారు. ఇటు చూశారు, అటు చూశారు, తలుపు ఓరగా వేశారు. నా పక్కనున్న తెర వెలిగించారు. దాని మీద ఎప్పుడూ 'నేటి పంచాంగం' కనబడుతుంటుంది, కాత్యాయని పెట్టిందే. నా గడియారంలో ఏ రోజుంటే ఆ రోజు తిథీ, నక్షత్రం, వర్జ్యం, అన్నీ చూపిస్తుంది. ఆయన సెల్‌ఫోనులో తేదీ మార్చడం నేర్చుకున్నారట, అదే విద్య నా మీద ప్రయోగించారు. నొక్కారు, నొక్కారు, మార్గశిరం పోయింది, పుష్యం పోయింది, మాఘ ఫాల్గుణాలు ఎగిరిపోయాయి. గడియారం వెళ్ళి వచ్చే ఉగాది మీద ఆగింది. తెర మీద చైత్ర శుద్ధ పాడ్యమి!

ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళ కణుపులు లెక్కపెట్టారు. కళ్ళు తెరిచి చూశారు. మళ్ళీ లెక్కపెట్టారు, మళ్ళీ చూశారు. అంతే, "ఓరి నీ అసాధ్యం కూలా!" అని నా నెత్తి మీద ఒక్కటిచ్చి, ఉత్తరీయం గాల్లో ఊపుతూ రెండడుగులు చిందేశారు. డెబ్భై దాటిన మనిషి! తర్వాత బయట చప్పుడైతే గబుక్కున తెర ఆర్పేసి, దాని మీద ఉత్తరీయం కప్పేసి వెళ్ళిపోయారు.

ఆయనెందుకు గెంతారో అప్పుడు నాకు తెలీదు. ఉగాది కదా, గెంతరూ అనుకున్నాను. నాకు మాత్రం ఆనందం తక్కువా? కొత్త సంవత్సరం వచ్చేసింది! మామిడాకులు కట్టలేదేమిటి, పచ్చడి వాసన రాదేమిటి అని ఒక్క క్షణం అనిపించింది గానీ, మనుషులకి అన్నిటికీ ఆలస్యమే కదా. ఫ్యాను జోరుగా తిప్పుతూ పండగ చేసుకున్నాను.

అంతలో ముందుగదిలోంచి మొదటి కంప్యూటర్ వచ్చింది. అది ఖాదర్ వలీ గారిది. ఆ ఇంటి పంచాంగం పేజీలు ఎన్నో ఏళ్ళుగా కూర్చేది ఆయనే. చీటీ చూశాను. కార్తీకమట! ఉగాదినాడు, పాత సంవత్సరం చీటీ పట్టుకుని వచ్చింది! నవ్వాగలేదు. "పోవోయ్" అన్నాను. మళ్ళీ వచ్చింది. "నిరుటి చీటీ చెల్లదోయ్" అన్నాను. కాత్యాయని కంప్యూటరూ వచ్చింది, దానిదీ అదే కథ. ఇల్లు ఇల్లంతా నిరుడే ఉండిపోయినట్టుంది, నేనొక్కదాన్నే కొత్త సంవత్సరంలో అడుగుపెట్టాను. పంచాంగాల ఇంట్లో ఇదెక్కడి చోద్యం అని తెగ ముచ్చటపడ్డాను.

ముందుగదిలో మాత్రం ముచ్చట లేదు. "అమ్మాయిగారూ, సర్వరు కనెక్షన్ తీసుకోవట్లేదండీ" అన్నారు ఖాదర్ వలీ గారు.

"ఇంకోసారి చూడండి, ఖాదర్ గారూ."

"ఇంకోసారి కాదమ్మా, వేలు నొప్పెట్టేదాకా చూశాను. పేజీలన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఒక్కటి తెరుచుకోవట్లేదు."

కాత్యాయని మొహం పాలిపోయింది. ఆ పేజీల్లో ఏడాది కష్టముంది, ఆ అట్టల్లో ఆమె ప్రాణముంది. వెంటనే బుల్లబ్బాయికి ఫోను కొట్టింది. వాడు మోటారుసైకిలు మీద రానే వచ్చాడు.

"ఆయ్, కంగారు పడకండమ్మా. నేనొచ్చేశాను కదండీ" అని, ఖాదర్ గారి బల్ల దగ్గర కూర్చుని వైరు గుండా నన్ను పిలిచాడు. "ఉన్నావా?" అని అడగడం లాంటిది అది. నాకు మర్యాద తెలుసు, వెంటనే "ఓయ్" అన్నాను. మళ్ళీ పిలిచాడు, "ఓయ్ ఓయ్" అన్నాను. పిలిచినప్పుడల్లా పలికాను, పండగపూట పలకరిస్తే పలకనా ఏమిటి?

"పలుకుతోందండీ" అన్నాడు బుల్లబ్బాయి బుర్ర గోక్కుంటూ. "బతికే ఉంది. వైరు బాగుంది. కానీ తలుపు తియ్యట్లేదు. మొండికేసిందండి."

అయినా వైరు మార్చాడు. వైర్లన్నీ కలిసే డబ్బా మార్చాడు. నా వెనక కన్నాల్లో నోటితో ఊదాడు, నాకు చక్కిలిగింతలు పుట్టాయి. ఏం మార్చినా చీటీ నిరుటిదే కదా, నేనెలా రానిస్తాను? ప్రెస్సునించి ఫోను వచ్చింది. "వస్తున్నాయండీ, బయల్దేరుతున్నాయండీ" అని కాత్యాయని అబద్ధమాడింది.

"ఆయ్, ఒకసారి ఆపి మళ్ళీ వేద్దామండీ. సగం రోగాలు దానికే పోతాయి" అని బుల్లబ్బాయి నా మీట మీద వేలు పెట్టాడు.

అప్పటిదాకా వీధి అరుగు మీద కూర్చున్న సిద్ధాంతి గారు లోపలికొచ్చి చెయ్యి అడ్డం పెట్టారు. "ఆపడం వరకైతే సరే. వెలిగించడం మాత్రం ఇప్పుడు కాదు. దుర్ముహూర్తం నడుస్తోంది."

"నాన్నగారూ! ప్రెస్సువాళ్ళు అవతల కాచుక్కూర్చున్నారు!"

"కావాలంటే నువ్వే లెక్కగట్టు."

కాత్యాయని పళ్ళు బిగించి, నిలబడ్డచోటే లెక్కగట్టింది. నిజంగా దుర్ముహూర్తమే. పంచాంగం రాసే పిల్ల దాన్ని కాదని ఎలా అంటుంది? వచ్చి కుర్చీలో కూలబడింది. నన్ను ఆర్పేసి, బుల్లబ్బాయి, ఖాదర్ గారు, తండ్రీ కూతుళ్ళు నలుగురూ నా చుట్టూ చేతులు కట్టుకుని దుర్ముహూర్తం ఎప్పుడు పోతుందా అని చూస్తూ కూర్చున్నారట. బుల్లబ్బాయి తర్వాత ఊరంతా చెప్పుకుని నవ్వాడు. వెలిగించడానికి ముందు సిద్ధాంతి గారు నా చుట్టూ నిమ్మకాయ కూడా తిప్పారట. ఎవరి దిష్టో తగిలి ఉంటుందట!

మంచి ఘడియలో మీట నొక్కారు. లేచాను. నా గడియారానికి లోపల బొత్తామంత బ్యాటరీ వేరే ఉంది. అందరూ నిద్రపోయినా అది నిద్రపోదు. లేవగానే తేదీ చూసుకున్నాను. ఉగాదే! పండగ ఇంకా అయిపోలేదు! కంప్యూటర్లు మళ్ళీ వచ్చాయి, మళ్ళీ అవే పాత చీటీలు. "పోండర్రా" అన్నాను.

బుల్లబ్బాయి ఉత్తరీయం పక్కకి తీసి, తెర వెలిగించి, ఏవేవో తెరిచి మూశాడు. పాడ్యమి, రేవతి అని తెర మీద ఇంతింత అక్షరాల్లో ఉన్నా వాడి కంటికానలేదు. "ఈ పంచాంగం గోల మనకి తెలీదు కదండీ" అని దాన్ని పక్కకి నెట్టేశాడు. తెర మూలనున్న గడియారం వైపు అసలే చూడలేదు. ఊరందరికీ వేళ చెప్పే ఇంట్లో వేళ తప్పుంటుందని ఎవరనుకుంటారు? చివరికి చేతులెత్తేశాడు. "మొత్తం తుడిచేసి కొత్తగా పెట్టాలేమోనండీ. రేపటికవుతుంది."

రేపంటే పెళ్ళిపత్రికలు. కాత్యాయని కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "మీరు లేవండి, నేనొక్కసారి చూస్తాను" అని నా ముందు కూర్చుంది. బుల్లబ్బాయి పక్కకి నెట్టిన 'నేటి పంచాంగం' తిరిగి ముందుకి లాగింది. చూసింది. కొయ్యబారిపోయింది.

"పాడ్యమా? శుక్ల పాడ్యమా? ఇవాళ బహుళంలో ఉంటే..." ఆమె తెరని దగ్గరికి లాక్కుంది. "నా లెక్క తప్పిందా? అయ్యో దేవుడా, పుస్తకమంతా తప్పేనా?"

ఖాదర్ వలీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. నాకు మాత్రం అర్థం కాలేదు. ఇంత చక్కని ఉగాదినాడు ఈ ఏడుపేమిటి?

కానీ ఆమె సిద్ధాంతి గారి కూతురు కదా. కన్నీళ్ళ మధ్యలోంచే తర్వాతి వరస చదివింది. నక్షత్రం రేవతి. సూర్యోదయం చూసింది, వర్జ్యం చూసింది. పెదవులు కదిలాయి, బొటనవేలు కణుపుల మీద గెంతింది, అచ్చం తండ్రిలాగే. ఆ వరసలన్నీ ఆమెకి కంఠోపాఠం. పుస్తకంలో మొట్టమొదటి పేజీ అదే మరి.

"ఇది తప్పు కాదు" అంది నెమ్మదిగా. తర్వాత కేకేసింది. "ఇది తప్పు కాదండీ! ఇది వచ్చే ఉగాది!" మూలనున్న గడియారం చూసింది, ఒక్కసారిగా పకపకా నవ్వేసింది. "బుల్లబ్బాయిగారూ, సర్వరు చైత్రంలో ఉంది! మనమింకా కార్తీకంలో ఉన్నాం!"

"ఆయ్! అదా సంగతి! చీటీ వేళ కలవట్లేదన్నమాట!" బుల్లబ్బాయి నుదురు కొట్టుకున్నాడు. వాడు పెట్టిన నియమమే వాడికి గుర్తు రాలేదు, నన్ను మొండిదన్నాడు!

కాత్యాయని గడియారాన్ని వెనక్కి లాగింది. నా ఉగాది పోయింది, ఫాల్గుణం పోయింది, సర్రున జారి కార్తీకంలో పడ్డాను. పండగ మధ్యలో విస్తరి ముందునించి లేపేసినట్టనిపించింది. కానీ మరుక్షణం ఖాదర్ గారి కంప్యూటర్ చీటీ పట్టుకొచ్చింది. చూస్తే వేళ సరిగ్గా సరిపోయింది. "రా నాయనా, రా!" అన్నాను. "తెరుచుకుందండోయ్!" అని ముందుగదిలోంచి ఖాదర్ గారు అరిచిన అరుపు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

అప్పుడు కాత్యాయని మెల్లిగా వెనక్కి తిరిగింది. తెర మీద కప్పిన ఉత్తరీయం ఎవరిదో కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. "నాన్నగారూ, గడియారం ముట్టుకున్నది మీరేనా?"

సిద్ధాంతి గారు నిమ్మకాయ వెనక్కి దాచుకున్నారు. "ఉగాది ఎలా గణించావో చూద్దామని... నెల్లాళ్ళుగా నేనూ వేళ్ళ మీద కడుతున్నానమ్మా, నీకు తెలీకుండా. నీ లెక్కతో పోల్చుకుందామని తేదీ ముందుకి జరిపాను. తిథీ, నక్షత్రం, వర్జ్యం... కాత్యా, ఒక్క విఘడియ తేడా లేదే! నీదీ నాదీ ఒకే విఘడియ! ఆ సంబరంలో గడియారం వెనక్కి జరపాలని ఎవడికి గుర్తుంటుంది?"

పొద్దున్న ఆయన గెంతింది అందుకన్నమాట. ఉగాదికి కాదు.

"మరి పొద్దున్నే చెప్పొచ్చుగా! ప్రాణాలు పోయాయి నాకు!"

ఆయన నేల చూపులు చూశారు. "చెప్తే నీ పేరు అట్టెక్కించాలిగా. ఇన్నేళ్ళూ ఒక్కణ్ణే ఉన్నాను దాని మీద. అలవాటు పడ్డానికి ఒక్క పూట కావాలనిపించిందమ్మా."

ఇంతలో ఖాదర్ వలీ గారు గుమ్మంలోకి వచ్చారు. "పేజీలన్నీ వెళ్ళిపోయాయండి. అట్ట ఒక్కటే ఉంది. ఏ అట్ట పంపమంటారు?"

"ఏ అట్టేమిటి? అట్టలెన్ని ఉన్నాయి?" అన్నారు సిద్ధాంతి గారు.

కాత్యాయని ఖాదర్ గారి వైపు కళ్ళతోనే వద్దు వద్దంటోంది. ఆయన చూడనట్టే ఉండి, "రెండండి" అని రెండోదాన్ని తెర మీదికి తెప్పించారు. అందించింది నేనే, అంత చురుగ్గా నా జన్మలో దేన్నీ అందించలేదు. సిద్ధాంతి గారు వంగి, తన పేరు చదువుకున్నారు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదవడానికి ఇంకా కిందికి వంగారు.

"ఏమయ్యా ఖాదరూ, నా కళ్ళకి ఇది ఆనట్లేదు. దీన్ని పైదానితో సమానంగా చెయ్యి."

ఖాదర్ గారు అక్కడే నిలబడి ఒక్క నిమిషంలో చేసేశారు. దీపాలు పెట్టేవేళకి అట్ట ప్రెస్సుకి చేరింది. ఆ సాయంత్రం మా గదిలో అందరూ మిరపకాయ బజ్జీలు తిన్నారు. నాకు బొట్టు పెట్టి, మూత మీద బెల్లం ముక్క ఉంచారు. నేను తినలేను గానీ చీమలు నా తరఫున తిన్నాయి.

ఇప్పుడు నేను ముసలిదాన్నయ్యాను. నా పని చేయడానికి అరచేతిలో పట్టే బుల్లి పెట్టె ఒకటి వచ్చింది, నవ్వడం కూడా రాదు దానికి. నన్ను మాత్రం పాత సామాన్ల కొట్టుకి పంపలేదు. అదే గదిలో, అదే మూల ఉన్నాను. ఏటా కొత్త పంచాంగం ప్రెస్సుకి వెళ్ళే ముందురోజు కాత్యాయని నా దుమ్ము దులిపి వెలిగిస్తుంది. పక్కన కుర్చీ వేసుకుని సిద్ధాంతి గారు కూర్చుంటారు. ఇప్పుడాయన దొంగచాటుగా రారు. తానే వణికే వేలితో నా గడియారాన్ని వచ్చే ఉగాదికి జరుపుతారు. కూతురు చదువుతుంటే ఆయన కణుపులు లెక్కపెట్టుకుంటారు, ప్రతి వరసకీ "ఊఁ" అంటారు. అయ్యాక నా నెత్తి మీద ఒక్కటిచ్చి గడియారాన్ని వెనక్కి జరుపుతారు. అది మాత్రం ఇప్పుడెవ్వరూ మర్చిపోరు.

లోకమంతటికీ ఏడాదికి ఒక్క ఉగాది. నాకు రెండు. మొదటిదానికి ఆ తండ్రీ కూతుళ్ళు తప్ప ఎవరొచ్చినా రానివ్వను, మిగతావాళ్ళంతా ఇంకా నిరుటి చీటీల వాళ్ళే.